కారు చక్రానికి కడసీల

కైకేయి కథ వినని తెలుగు ఇల్లు ఉండదు. దేవాసుర యుద్ధంలో దశరథ మహారాజు రథానికి కడసీల ఊడిపోయిందట. చక్రం ఇరుసు మీంచి జారిపోయే సమయానికి పక్కనే ఉన్న కైకేయి ఆ బెజ్జంలో తన వేలు దూర్చి రథాన్ని నిలబెట్టిందట. రాజుగారు సంతోషించి రెండు వరాలు ఇవ్వడమూ, ఆ వరాలు చివరికి ఎవరిని అడవికి పంపాయో కూడా మనకు తెలిసినదే. వాల్మీకి ఈ వేలి సంగతి రాయలేదు. ఇది హరికథల్లోనూ, అమ్మమ్మల నోటా పెరిగిన కథ. అయినా దీన్ని అల్లినవాడు బండి తోలి అనుభవం ఉన్నవాడే అయివుండాలి. ఇరుసు ఎంత గట్టిదైనా, చక్రం ఎంత నునుపుగా తిరిగినా, ప్రయాణం చేసేవాళ్ళ ప్రాణాలు బెత్తెడు సీలలో ఉంటాయని వాడికి తెలుసు.

రథాలు పోయాయి, కార్లు వచ్చాయి. కారు చక్రం మీద తళతళలాడే మూత తీసి చూడండి. లోపల నాలుగో అయిదో బోల్టులు గాని, నట్టులు గాని కనిపిస్తాయి. కారుకు కడసీలలు అవే. ఈ వారం వాటి సంగతి చెప్పుకుందాం.

కొత్త కారు ఉన్నవారికి ఈ బెడద లేదు. కంపెనీవాడి బొమ్మల పుస్తకంలో నంబరు చూసి తెప్పించుకుంటే సరిపోతుంది. చిక్కంతా పాత కార్లతోనే. మన ఊళ్ళలో ఇప్పటికీ ఎన్నో ఇళ్ళల్లో తాతగారి అంబాసిడరు, నాన్నగారి ఫియట్టు, మామయ్యగారి స్టాండర్డ్ హెరాల్డు ఒక బంధువు లాగానే బతుకుతున్నాయి. అంబాసిడరు తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. హెరాల్డు మద్రాసులో తయారై 1961లో రోడ్డెక్కింది. దాని తరవాత మూడు తరాలు గడిచాయి. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బళ్ళకు కేంద్ర ప్రభుత్వం 2021లో ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషను ఏర్పాటు చేసింది కూడాను. బండికి గౌరవం దొరికింది, బాగానే ఉంది. బోల్టు దొరకాలి కదా!

బోల్టు కోసం అబ్బాయిని బజారుకు పంపుతాం. విజయవాడ ఆటోనగరు గాని, చెన్నై పుదుపేట గాని, మరో ఊళ్ళో పాత సామాన్ల వీధి గాని, అక్కడ జరిగే సంభాషణ మాత్రం ఒకటే.

“బాబాయ్ గారూ, వీల్ బోల్టులు నాలుగు కావాలండీ.”

“పాతది తెచ్చావా బాబూ?”

“తెచ్చానండీ.”

కొట్టాయన ఆ పాత బోల్టును డబ్బాలోంచి తీసిన ఇంకో బోల్టు పక్కన పెట్టి, కళ్ళజోడు సవరించుకుని, “ఇదిగో, అచ్చు దీని తమ్ముడే. పట్టుకెళ్ళు” అంటాడు.

“సరిగ్గా పడుతుందా అండీ?”

“ఎందుకు పడదయ్యా? పానా వేసి నాలుగు తిప్పులు తిప్పితే అదే పడుతుంది!”

ఈ ‘అదే పడుతుంది’ అన్న మాట దగ్గరే ప్రమాదం మొదలవుతుంది. కొట్టాయన చెడ్డవాడు కాడు. ఆయన చూపించిన బోల్టు నిజంగానే పడుతుంది కూడాను. బెజ్జంలో పడటం వేరు, చక్రాన్ని పట్టుకోవడం వేరు. ఇంట్లో ఆడవారిని అడిగితే ఈ తేడా క్షణంలో చెబుతారు. ఒక సీసా మూత ఇంకో సీసాకు పెట్టి తిప్పితే కొన్నిసార్లు ఎక్కుతుంది. బిగిసినట్టే కనిపిస్తుంది. మూత పట్టుకుని ఎత్తారో, సీసా కిందా, మూత చేతిలోనూ, ఆవకాయ నేల మీదా! కారు విషయంలో నేల మీద పడేది ఆవకాయ కాదు సుమండీ.

అసలు బోల్టు చక్రాన్ని ఎలా పట్టుకుంటుంది? దీనికి ఒక చిన్న ప్రయోగం ఉన్నది. పిల్లల పుస్తకాలు అయిదారు వరసగా బల్ల మీద నిలబెట్టండి. ఆ వరసకు రెండు చివరలా రెండు అరచేతులు ఆనించి గట్టిగా నొక్కుతూ వరస మొత్తం పైకెత్తండి. మధ్య పుస్తకాల కింద ఏ ఆధారమూ లేకపోయినా అవి పడవు. చేతుల నొక్కుడు కొంచెం సడలించండి. మధ్య పుస్తకం జారి పడుతుంది. వాటిని నిలిపింది రెండు చివరల నుంచీ వచ్చిన నొక్కుడూ, దానివల్ల పుస్తకాల మధ్య పుట్టిన రాపిడీ.

కారు చక్రమూ అలాగే నిలుస్తుంది. బండి బరువంతా బోల్టుల మీద వేలాడుతూ ఉంటుందని చాలామంది అనుకుంటారు. బోల్టు చేసే పని చక్రాన్ని హబ్బుకు అదిమి పట్టడం. పానాతో బిగించినప్పుడు ఉక్కు బోల్టు వెంట్రుకవాసి సాగుతుంది. సాగిన రబ్బరు మళ్ళీ ముడుచుకోవాలని చూసినట్టే అదీ ముడుచుకోవాలని చూస్తుంది. ఆ లాగుడే చక్రాన్ని అదిమి ఉంచుతుంది. 12 మి.మీ. లావున్న బోల్టును 10 కిలోగ్రాము-మీటర్ల బిగువుతో బిగిస్తే అది దాదాపు 4 టన్నుల బలంతో లాగుతుంది. నాలుగు బోల్టులు కలిస్తే 16 టన్నులు. బండి మొత్తం బరువు ఒక టన్ను కాస్త అటూ ఇటూ. అంతటి అదుముడు ఉన్నంతకాలం చక్రానికీ హబ్బుకీ మధ్య కదలిక ఉండదు, బోల్టుకు అలసట ఉండదు.

అదుముడు సడలితే కథ మారిపోతుంది. చక్రం ప్రతి చుట్టుకూ హబ్బు మీద రవ్వంత జరుగుతుంది. జరిగినప్పుడల్లా బోల్టు రవ్వంత వంగి మళ్ళీ నిటారవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి 500 సార్లకు పైగా తిరుగుతుంది. తీగను అటూ ఇటూ వంచి విరగ్గొట్టడం అందరికీ తెలిసిన విద్యే. ఆ విద్యను ఘాటురోడ్డు మీద, వెనక సీట్లో పిల్లలు కూర్చున్న కారు చక్రం నేర్చుకోకుండా చూడటమే మన పని.

అంచేత బోల్టు ఎంచుకునేటప్పుడు మెరుపునూ, లావునూ చూడవద్దు. అది ఆ చక్రాన్ని ఆ హబ్బుకు సరిగ్గా అదమగలదా లేదా అన్నదే చూడవలసిన సంగతి. అందుకు ఆరు పరీక్షలు ఉన్నాయి. పెళ్ళి సంబంధానికి గోత్రమూ, నక్షత్రమూ, కుటుంబమూ చూసినట్టు ఓపికగా చూడండి.

మొదటిది, చక్రానికీ హబ్బుకీ పొత్తు కుదరాలి. బెజ్జాల నడిబొడ్డుల గుండా ఒక వలయం గీస్తే ఆ వలయం అడ్డుకొలత ఎంతన్నది ప్రశ్న. నాలుగు బెజ్జాల చక్రానికి ఎదురెదురు బెజ్జాల నడుమ కొలిస్తే చాలు. అయిదు బెజ్జాల చక్రానికి ఎదురు బెజ్జం ఉండదు కనక పక్కపక్క బెజ్జాల నడుమ దూరం కొలిచి 1.7తో హెచ్చవేయాలి. ఇటలీలో 1966లో వచ్చిన ఫియట్ 124కు ఈ వలయం 98 మి.మీ. దాన్ని అనుసరించి రష్యాలో టోల్యాట్టి పట్టణంలో తయారైన జిగులీ కార్లకూ అంతే. జర్మనీ ఫోక్స్‌వాగన్ గోల్ఫు మొదటి తరానికి 100. రెండిటికీ నాలుగేసి బోల్టులే. 98 హబ్బు మీద 100 చక్రం పెడితే ఒక్కో బోల్టు దగ్గర తేడా 1 మి.మీ. మాత్రమే. పానా వేస్తే ‘అదే పడుతుంది’. బోల్టులు మాత్రం వంకరగా కూర్చుంటాయి. పైకి బిగిసినట్టుండి, నాలుగు రోజుల్లో వదులవుతాయి.

కారు పేరు ఒకటే కదా అని ధీమా పడటానికీ లేదు. ఫోక్స్‌వాగన్ బీటిలు, అదే ఆ తాబేలు కారు, చూడండి. 2003లో మెక్సికోలో చివరి బండి వచ్చేదాకా రెండు కోట్లకు పైగా తయారయ్యాయి, రూపం పెద్దగా మారలేదు. చక్రాలు మాత్రం మారాయి. పాతవాటికి 205 మి.మీ. వలయం మీద అయిదు బోల్టులు. 1960ల చివరి నుంచి మామూలుగా 130 మి.మీ. వలయం మీద నాలుగు. బోల్టు లావు కూడా 12 నుంచి 14 మి.మీ.కు పెరిగింది. “బీటిలు బోల్టులు ఇవ్వండి” అంటే చాలదు. ఏ ఏడాది బీటిలో, మధ్యలో ఎవరైనా డ్రమ్ములు మార్చారో తెలియాలి. మన ఊళ్ళ పాత కార్లలో ఒకదాని ఇరుసూ ఇంకొకదాని డ్రమ్మూ కాపరం చెయ్యడం మామూలే కదా!

రెండోది, లావూ మరచుట్లూ. లావు అందరూ చూస్తారు. మరచుట్లు, మెకానిక్కులు త్రెడ్డు అనేవి, ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయో చూసేవారు తక్కువ. ఫియట్ 124కు 12 మి.మీ. బోల్టు, చుట్టుకూ చుట్టుకూ నడుమ 1.25 మి.మీ. గోల్ఫు మొదటి తరానికీ, పాత బెంజి కార్లు చాలావాటికీ అదే 12 మి.మీ. బోల్టు, చుట్టు మాత్రం 1.5 మి.మీ. చూపుకు కవలలే. స్కేలు పెట్టి పది చుట్లు కొలవండి. మొదటిది పన్నెండున్నర మి.మీ. వస్తుంది, రెండోది పదిహేను. ఒకటి ఇంకొకదాని బెజ్జంలో వేలితో ఒకటి రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది. అక్కడ పానా వేసినవాడు బెజ్జంలోని మరను చెక్కేసినట్టే.

ఇంగ్లీషు వంశపు కార్లది వేరే లెక్క. అవి అంగుళాల కాలం నాటివి. కోవెంట్రీలో 1959లో పుట్టిన ట్రయంఫ్ హెరాల్డుకు స్టడ్డులు మూడు-ఎనిమిదోవంతుల అంగుళం లావు, అంగుళానికి 24 చుట్లు. అంతకు ముందు తరం బ్రిటిషు మరలో అదే లావుకు అంగుళానికి 20 చుట్లే. వీటికన్న మోసకారి జత ఇంకొకటి ఉన్నది. అర అంగుళం నట్టు, అంగుళానికి 20 చుట్లది, 12 మి.మీ. లావు 1.25 చుట్టు ఉన్న స్టడ్డు మీదికి హాయిగా ఎక్కిపోతుంది. ఎందుకంటే చుట్ల నడుమ దూరం దాదాపు సమానం. కాని అర అంగుళం అంటే 12.7 మి.మీ. నట్టు వదులు. మర అంచులు మాత్రమే ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయి. వేలితో తిప్పుతున్నప్పుడే పక్కలకు గలగలలాడితే ఆ నట్టును అక్కడే వదిలెయ్యండి. మంచి జోడీ చివరి దాకా వేళ్ళతోనే తిరుగుతుంది, పక్కలకు ఊగదు.

మూడోది, పీట. అంటే బోల్టు తల చక్రపు బెజ్జం అంచున కూర్చునే చోటు. కొన్నిటికి అది 60 డిగ్రీల కోను, గరాటా లాగా ఏటవాలుగా ఉంటుంది. కొన్నిటికి గోళంలో ముక్క, గోలీ గుంటలో కూర్చున్నట్టు. కొన్నిటికి బల్లపరుపుగా ఉండి వాషరు ఉంటుంది. పాత బెంజి చక్రాలకు గోళం పీట. బీటిలు కంపెనీ చక్రాలకూ గోళమే, అదే బీటిలుకు బయట కొన్న అలంకారపు చక్రాలు చాలావాటికి కోను పీట. గుంట పీటలో కోను బోల్టు బిగిస్తే వెడల్పాటి ఉంగరంలా ఆనవలసినది సన్నని గీతలా ఆనుతుంది. కొంత దూరం పోయాక ఆ గీత అరిగిపోతుంది, బోల్టు అదుముడు తగ్గుతుంది. మెకానిక్కు బాగా బిగించాడు, మరి ఎలా వదులైంది అని మనం ఆశ్చర్యపోతాం.

దీనికి పరీక్ష ఇంట్లోనే ఉన్నది. బోల్టు పీటకు పలచగా కాటుక పులిమి, చక్రపు బెజ్జంలో పెట్టి చేత్తో అటూ ఇటూ తిప్పి తీసి చూడండి. బెజ్జం అంచు చుట్టూ వెడల్పాటి నల్ల ఉంగరం పడితే సరైన జోడీ. సన్నగీత గాని, ఒక పక్కే మచ్చ గాని పడితే కాదు. చూసిన తరవాత గుడ్డతో శుభ్రంగా తుడవడం మరవకండి. కాటుకకు నూనె గుణం ఉంటుంది, ఆ నూనె చేసే చేటు సంగతి తరవాత చెబుతాను.

నాలుగోది, పొడవు. పొట్టిదైతే మర చాలినంత పట్టదు. బోల్టు లావు ఎంతో, కనీసం అంత పొడవున మర లోపల పట్టాలన్నది అందరూ ఒప్పుకున్న లెక్క. చక్రం పెట్టి బోల్టును వేళ్ళతో తిప్పుతూ, మర అందుకున్న దగ్గర నుంచి పీట ఆనేదాకా ఎన్ని చుట్లు పోయిందో లెక్కపెట్టండి. 12 మి.మీ. లావు, 1.5 చుట్టు అయితే ఎనిమిది చుట్లకు తగ్గకూడదు. 1.25 చుట్టు అయితే పదికి తగ్గకూడదు. 14 మి.మీ. లావు, 1.5 చుట్టు అయినా పది ఉండాలి. పిల్లల చేత లెక్కపెట్టించండి, వారికీ సరదా.

మరీ పొడుగైనా ముప్పే. బోల్టు కొన హబ్బు వెనక్కి పొడుచుకు వచ్చి బ్రేకు భాగాలకు రాసుకుంటుంది. ఇనుపరేకు చక్రాలు తీసేసి అల్యూమినియం చక్రాలు వేయించుకునే చోట ఈ తప్పు జరుగుతుంది. రేకు చక్రం పలచన, అల్యూమినియం చక్రం మందం. మొదటిదాని బోల్టు రెండోదానికి పొట్టి, రెండోదాని బోల్టు మొదటిదానికి పొడుగు. 1970లలో వచ్చిన 123 వరస బెంజి కార్లకు అల్యూమినియం చక్రాలున్నా స్టెప్నీ రేకు చక్రమైతే, దాని కోసం పొట్టి బోల్టులు విడిగా దగ్గర ఉంచుకోవలసిందే. ఆ చిన్న సంచీ ఎవరో పనికిరానిదని పారేస్తారు. ఏళ్ళ తరవాత ఒకనాటి రాత్రి దారిలో పంక్చరవుతుంది. స్టెప్నీకి పొడుగు బోల్టులు బిగించాక వెనక చక్రం ఎందుకు గీరుకుంటున్నదో ఎవరికీ అర్థం కాదు. చక్రం బిగించాక జాకీ మీద ఉండగానే చేత్తో రెండు చుట్లు తిప్పి చెవి పెట్టి వినండి. గీరు చప్పుడు ఉండకూడదు.

అయిదోది, తిరుగుడు. లోకంలో మరలన్నీ కుడివైపు తిప్పితేనే బిగుస్తాయి. కొన్ని పాత కార్లకు మాత్రం ఎడమ పక్క చక్రాలవి ఎడమవైపు తిప్పితే బిగుస్తాయి. అమెరికా క్రైస్లరు కంపెనీ కార్లకు, అంటే డాడ్జి, ప్లిమత్తు మొదలైనవాటికి, సుమారు 1970 దాకా ఈ పద్ధతి ఉండేది. బొంబాయిలో ప్రీమియరు కంపెనీ బిగించి అమ్మిన డాడ్జి, ప్లిమత్తులు మన జమీందార్ల ఇళ్ళలోనూ, డాక్టర్ల ఇళ్ళలోనూ ఉండేవి కనక ఈ ముక్క చెప్పక తప్పదు. ఎడమ పక్క చక్రం విప్పాలని తెలియని కుర్రవాడు పానా మీద ఎక్కి నిలబడి ఊగుతాడు. విప్పుతున్నాననుకుంటూ బిగిస్తాడు. చివరికి స్టడ్డు విరుగుతుంది. స్టడ్డు చివర ‘ఎల్’ అనే ఇంగ్లీషు అక్షరం చెక్కి ఉన్నదేమో ముందు తుడిచి చూడండి.

ఆరోది, ఉక్కు సత్తా. మంచి బోల్టు తల మీద 8.8 అనో, 10.9 అనో అంకె ఉంటుంది. అవి ఉక్కు తరగతులు. మొదటి అంకెను వందతో హెచ్చవేస్తే చదరపు మిల్లీమీటరుకు ఎన్ని న్యూటన్ల లాగుడుకు తెగుతుందో తెలుస్తుంది. చుక్క తరవాతి అంకె, తెగే లాగుడులో ఎన్ని పదోవంతుల దాకా సాగిపోకుండా నిలుస్తుందో చెబుతుంది. కారు కంపెనీ ఏ తరగతి చెప్పిందో దానికి తక్కువది వాడరాదు. ఈ మధ్య తళతళలాడే స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు పాత కార్లకు అందమని కొంటున్నారు. స్టెయిన్‌లెస్ గ్లాసులకు బాగుంటుంది, బిందెలకు బాగుంటుంది. మామూలు స్టెయిన్‌లెస్ బోల్టుకు చక్రం మోసేపాటి సత్తా ఉండదు. పైగా బిగించేటప్పుడు మర ఒకదానికొకటి కరుచుకుపోయి, మళ్ళీ విప్పబోతే రాకుండా మొండికేస్తుంది.

ఆరు పరీక్షలూ నెగ్గిన బోల్టు వచ్చిందనుకుందాం. ఇక బిగించడం. ఇక్కడ మనవాళ్ళకు రెండు చెడ్డ అలవాట్లు ఉన్నాయి. పానాకు పైపు తొడిగి ఎక్కి ఊగడం ఒకటి, బోల్టుకు నూనె రాయడం రెండోది.

మొదటిదాని లెక్క చూడండి. 10 కిలోగ్రాము-మీటర్లంటే మీటరు పొడుగు కర్ర చివర 10 కిలోల బరువు. అరవై సెంటీమీటర్ల పైపు చివర అరవై కిలోల మనిషి నిలబడితే అది 36 కిలోగ్రాము-మీటర్లు. కావలసినదానికి మూడున్నర రెట్లు! బోల్టు సాగిపోతుంది. లేదా మర చెడుతుంది. సాగిన రబ్బరు బ్యాండు మళ్ళీ ముడుచుకోనట్టే సాగిన బోల్టూ అదమదు. ఇక నూనె సంగతి. మనం పానాతో పెట్టే బలంలో సుమారు పదోవంతే బోల్టును లాగడానికి పోతుంది. మిగిలినదంతా తల కిందా, మర లోపలా రాపిడికే ఖర్చవుతుంది. నూనె రాస్తే ఆ రాపిడి తగ్గి, అదే బలానికి లాగుడు ఎంతో పెరుగుతుంది. కంపెనీ పుస్తకంలో ప్రత్యేకంగా రాయమని ఉంటే తప్ప మరను తీగ బ్రష్షుతో శుభ్రం చేసి పొడిగానే బిగించాలి.

బిగువు ఎంతన్నది ఆ కారు పుస్తకం చెబుతుంది. 12 మి.మీ. బోల్టులకు సాధారణంగా 8 నుంచి 11 కిలోగ్రాము-మీటర్ల నడుమ ఉంటుంది. హెరాల్డు లాంటి కార్ల సన్నని స్టడ్డులకు అంతకన్న బాగా తక్కువ. బిగువు చూపే పానా, టార్కు రెంచి అనేది, ఇంట్లో ఒకటి ఉంటే మంచిది. చక్రం జాకీ మీద ఉండగా అన్ని బోల్టులూ వేళ్ళతో ఎక్కించి, ఒకటి విడిచి ఒకటి ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి, చక్రం నేల మీద ఆనాక చివరి బిగువు ఇవ్వాలి. యాభై నుంచి వంద కిలోమీటర్లు నడిచాక మరొకసారి చూడాలి. కొత్తగా రంగు వేసిన చక్రమైతే ఈ రెండోసారి చూడటం మరీ ముఖ్యం. చక్రానికీ హబ్బుకీ మధ్య రంగు దళసరిగా ఉంటే అది నలిగి పలచబడుతుంది. అంతమేర బోల్టు లాగుడు పోతుంది. అంచేత ఆనే చోట రంగు గాని, తుప్పు పొలుసు గాని లేకుండా గీకి ఉంచాలి.

బోల్టులున్న కార్లకు ఇంకొక కష్టం ఉన్నది. స్టడ్డులుంటే చక్రాన్ని వాటికి తగిలించి నట్టులు బిగించవచ్చు. బోల్టులైతే చక్రాన్ని ఒక చేత్తో ఎత్తిపట్టి, రెండో చేత్తో బెజ్జం వెతుక్కోవాలి. ఆ తొందరలోనే బోల్టు అడ్డంగా ఎక్కి మర చెడుతుంది. తల కోసేసిన పొడుగు బోల్టు ఒకటి అదే మరది చేయించుకుని, ముందు దాన్ని హబ్బులో వేలితో ఎక్కించి చక్రాన్ని దానికి తగిలిస్తే సుఖం. మిగతా బోల్టులు ఎక్కాక దాన్ని తీసి చివరి బోల్టు వెయ్యవచ్చు. హబ్బులో మర చెడితే ఖర్చు బోల్టుతో పోదని గుర్తుంచుకోండి.

ఇవన్నీ చేసినా కళ్ళూ చెవులూ తెరిచే ఉంచాలి. నెమ్మదిగా పోతున్నప్పుడు చక్రం దగ్గర టకటక చప్పుడు, స్టీరింగులో కొత్తగా వణుకు, బోల్టు బెజ్జం చుట్టూ ఎర్రని తుప్పు చారలు, గుండ్రని బెజ్జం కోడిగుడ్డు ఆకారంలోకి రావడం, ఇవి కనిపిస్తే మరి కదలకండి. ‘ఇంకో పది మైళ్ళు పోతే ఊరు వస్తుందిలే’ అన్న మాట అనుకోకండి. రోడ్డు పక్కన ఆపి, అందర్నీ దింపి, చక్రం విప్పి చూడాలి. ఒక బోల్టు విరిగి ఉంటే మిగిలినవీ ఆ బరువు పంచుకుని అలసిపోయినవే. ఆ చక్రానివి అన్నీ కలిపి మార్చండి.

చివరగా ఒక మనవి. అబ్బాయికి పాత బోల్టు ఇచ్చి బజారుకు పంపకండి. ఆ పాతదే ఏ పదేళ్ళ కిందటో ‘అదే పడుతుంది’ అన్న మాట మీద వచ్చినది కావచ్చు. ఒక తెల్లకార్డు తీసుకుని కారు పేరూ, ఏడాదీ, బెజ్జాలెన్ని, వలయం కొలత, బోల్టు లావు, చుట్టు, పీట ఆకారం, పీట నుంచి కొన దాకా పొడవు, తిరుగుడు, ఉక్కు అంకె, బిగువు ఎంత, ఇవన్నీ అందమైన దస్తూరీతో రాసి పెట్టండి. స్టెప్నీకి వేరే బోల్టులైతే వాటి లెక్కా రాయండి. ఒక కార్డు కారులో బీమా కాగితాల పక్కన, ఇంకొకటి ఇంట్లో పంచాంగం పక్కన. రేపు ఆ కారు మీ అబ్బాయి చేతికో, అమ్మాయి చేతికో వస్తుంది. తాళంచెవితో పాటు ఆ కార్డూ ఇవ్వండి.